గడువుకు ముందే దుకాణం లీజు ముగింపు

వ్యాపార స్థలం లీజును గడువు తీరకముందే యజమాని, అద్దెదారు మాట్లాడుకుని రద్దు చేసుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ ఇందుకు వీలిస్తుంది.

పల్నాడు జిల్లా వెల్దుర్తి వంటి మండల కేంద్రంలో కొట్టు ఖాళీ చేసేటప్పుడు బేరం సాధారణంగా అడ్వాన్సు దగ్గరే మొదలవుతుంది. ఎన్ని నెలల అద్దె మినహాయించాలి? అద్దెదారు వేయించిన అరలు, షట్టరు ఎవరివి? కరెంటు బకాయి ఎవరు కట్టాలి?

ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకున్నా అద్దె కడుతూ స్వాధీనంలో ఉంటే, దాన్ని నెలవారీ లీజుగానే చూడాలని 2000లో ఆంథోనీ–ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు 15 రోజుల నోటీసు చాలు. చిన్న వ్యాపారికి ఇది పెద్ద బలం.

అద్దె ఆపడానికి మాత్రం వ్యాపారం పడిపోయిందన్న కారణం ఒక్కటే నిలవదు. 2020లో లాక్‌డౌన్ కాలపు అద్దె నిలిపివేయాలన్న ఖాన్ మార్కెట్ దుకాణదారు వాదనను ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు.

తాళాలు ఇచ్చిన తేదీ, తేలిన లెక్క కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేశాకే కొట్టు వదలాలి.