గుండ్లకమ్మకు ముందు 15 నెలలు



1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడ కంఠస్థము. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు నీటిలో నిలిచిరి. ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు ఆ దినమున ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. వేదాంత కళాశాలలో ఈ అంకెను నేర్చుకొంటినిగాని, దానికి ముందు గడచిన 15 నెలలను గూర్చి పాస్టరునైన తరువాతనే శ్రద్ధగా చదివితిని.

1876-78 కరవులో దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టుకు తీసికొని వేలాదిమందికి కూలి ఇప్పించిరి. బోధకులే పనిమీద మేస్త్రీలు. విశ్రాంతి వేళ ఆ మట్టిగట్లమీదనే సువార్త చెప్పిరి. బాప్తిస్మము కావలెనని అడిగినవారు అనేకులు. దొరగారు ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చుచున్నారేమోయని ఆయన భయము. మనలను "బియ్యపు క్రైస్తవులు" అని ఎత్తిపొడుచువారు ఈ సంగతి ఎరుగరు. నిజము చెప్పవలెనంటే మనవారిలోను ఎరిగినవారు తక్కువే. 1878 జూన్‌లో, సహాయము ముగిసినది, ఇక డబ్బు లేదని చెప్పినను జనులు కదలలేదు. అరచేతుల కాయలు చూపి, కష్టపడియే తింటిమి, మాకు సొమ్ము వద్దు, బాప్తిస్మమిమ్మనిరి. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారు 9,606 మంది.

మారుమనస్సు అనగా ఆనాటి మాదిగపల్లెలో ఏమి? ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. తోళ్ల బేరగాడు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు 1866లో భార్యతో కూడ బాప్తిస్మము పొంది, పల్లెపల్లె తిరిగి బోధించినదియు ఇదే మార్గము. వినుటకు చిన్న మాటలే. కాని గొడ్డును ఈడ్చుట, జాతరలో డప్పు కొట్టుట వారికి ఊరితోనున్న కట్టుబాటు. అందుకు ప్రతిగా కళ్లములో గింజలు వచ్చుచుండెను. కట్టుబాటు తప్పినవానికి ఆ గింజలు ఆగినవి. బజారున నడచుటకు, నీళ్లు తెచ్చుకొనుటకు కూడ అడ్డగించిరి.

మూడింటిలో మొదటిదే కష్టమైనదని నా తలంపు. విగ్రహమును విడుచుట ఇంటిలోని పని; ఆదివారము పొలమునకు రానని చెప్పుట రైతు ముఖము ఎదుట చెప్పవలసిన మాట. మిరప కోతల కాలములో మా గుడిలో చాపలు ఖాళీగానుండుట చూచి ఒకప్పుడు గట్టిగా గద్దించెడివాడను. ఇప్పుడు ఆరాధన పొద్దు కూకిన తరువాత పెట్టుచున్నాను. అది సరియో కాదో పెద్దలు ఇంకను నన్ను అడుగుచునే యున్నారు.