వేసవి విడిది - కొండవాసి నేల

ఎండలు ముదిరిన వేళ మైదాన ప్రాంతాలవారి చూపు కొండల వైపు మళ్లడం భారతదేశంలో కొత్త సంగతి కాదు. ఏటా రెండు మూడు నెలలు చల్లగా గడపడానికి అక్కడ ఒక ఇల్లు, ఇంటి చుట్టూ కాస్త తోట ఉంటే బాగుండునన్న కోరిక కూడా పాతదే. అయితే ఈ క్రయవిక్రయాలలో ఉభయ పక్షాలూ సమానులు కావు. కొనేవాని ధనం మైదానాలలో, నగరాలలో ఆర్జించినది. అతనికి ఆ ఇల్లు విలాసం. అమ్మే కొండరైతుకు ఆ కొద్దిపాటి మెట్టచేను తప్ప వేరు జీవనాధారం లేదు. చేతికి వచ్చిన రొక్కం కొద్ది కాలంలోనే కరిగిపోతుంది, పోయిన నేల తిరిగి రాదు. ఈ అసమానతను గుర్తించి దేశంలోని వివిధ ప్రాంతాలు వేర్వేరు కాలాలలో కట్టుబాట్లు చేసుకున్నాయి. వాటి చరిత్ర రెండు శతాబ్దాల నాటిది.

నీలగిరులలో తొలి ఇల్లు

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో నీలగిరులను సందర్శించాడు. అక్కడి శీతల వాతావరణానికి ముగ్ధుడై, 1822లో ఉదకమండలంలో ఇల్లు కట్టించడం ప్రారంభించాడు. ‘స్టోన్ హౌస్’ అనే ఆ రాతికట్టడమే అక్కడి తొలి ఐరోపా భవనం. ఆ పచ్చిక మైదానాలు అప్పటికే తోడాల గేదెల మేతభూములు. తోడాల పల్లెకు ‘మండ్’ అని పేరు. ఊటకమండ్ అన్న పాత పేరులో ఆ మాట నిలిచిపోయింది. సల్లివాన్ ఎకరాకు ఒక రూపాయి చొప్పున తోడాలనుండి భూమి కొన్నాడని ప్రతీతి.

సల్లివాన్ చరిత్రలో ఒక వైరుధ్యం గమనార్హమైనది. కొండలపై సంపూర్ణ హక్కు తోడాలదేనని, వారికి పరిహారం చెల్లించక భూమి తీసుకోరాదని కంపెనీ ప్రభుత్వంతో గట్టిగా వాదించినవాడు అతడే. సరస్సు చుట్టుపక్కల విస్తారమైన భూములు సంపాదించినవాడూ అతడే. విక్రేత హక్కును మనసారా అంగీకరించిన కొనుగోలుదారు సైతం ఆ హక్కును కరిగించకుండా ఉండలేకపోయాడు. 1870 దశకం నాటికి ఉదకమండలం మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధానిగా స్థిరపడింది. నాడు ఆ రాజధానిలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల దస్త్రాలు కూడా ఏటా వేసవిలో కొండ ఎక్కేవి. అధికారుల వెనుక సంస్థానాధీశులు వచ్చారు. మైసూరు మహారాజుకు ఫెర్న్‌హిల్, హైదరాబాదు నిజాముకు సీడార్స్ అనే భవనాలు అక్కడ ఏర్పడ్డాయి. తోడాల మేతభూములు క్రమంగా బంగళాలుగా, తోటలుగా మారిపోయాయి.

నీటిపై నిలిచిన ఇల్లు

కాశ్మీరులో చరిత్ర మరొక దారి పట్టింది. 1846 అమృతసర్ సంధి ద్వారా ఆ దేశం గులాబ్‌సింగ్ వశమైన పిమ్మట, డోగ్రా పాలకులు ఐరోపావారికి అక్కడ భూమి కొనే హక్కు ఇవ్వలేదు. వేసవిలో వచ్చే ఆంగ్లేయులు గుడారాలలోను, హాంజీలనే పడవవారి ‘డూంగా’లలోను గడిపేవారు. నేలపై ఇల్లు కట్టుకొనే వీలు లేనందున దేవదారు కలపతో పడవపైనే గదులు, వసారా అమర్చుకొనే పద్ధతి 1880 దశకంలో వ్యాపించింది. దీనికి ఆద్యుడు కెన్నార్డ్ అనే ఆంగ్లేయుడని కొందరు, నారాయణదాసు అనే కాశ్మీరీ పండితుడని మరికొందరు చెబుతారు. హౌస్‌బోటు పుట్టుక ఇది.

క్రమేణా ఈ పడవలు హాంజీ కుటుంబాల సొత్తయినాయి. వచ్చినవారు అద్దె చెల్లించి కొన్ని వారాలుండి వెళ్లేవారు, ఆదాయం స్థానికునికి దక్కేది. ఈ ఏర్పాటులో లోపం లేకపోలేదు. నేలకు రక్షణ కలిగినా, పడవల మురుగు చేరిన దాల్ సరస్సుకు హాని తప్పలేదు.

1927 ఏప్రిల్ 20న మహారాజా హరిసింగ్ ‘రాజ్య ప్రజలు’ ఎవరో నిర్వచిస్తూ ప్రకటన వెలువరించాడు. బయటివారు ఉద్యోగాలను, భూములను ఆక్రమిస్తున్నారన్న విద్యావంతుల ఆందోళన దీనికి ముఖ్య కారణం. ఆ ఆందోళనలో కాశ్మీరీ పండితులు ముందున్నారు. స్వాతంత్ర్యానంతరం 1954 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా 35ఎ అధికరణం ఈ ప్రత్యేక హక్కులకు రాజ్యాంగ రక్షణ కల్పించింది. 2019 ఆగస్టులో ఆ రక్షణ తొలగింది. 2020 అక్టోబరులో భూమి చట్టాలు సవరింపబడి జమ్మూ కాశ్మీరులో ఇతర ప్రాంతాలవారికి స్థలాలు కొనే వీలు ఏర్పడింది. అయితే సాగుభూమిని వ్యవసాయదారులు కానివారికి విక్రయించరాదన్న నియమం ఆ సవరణలలోనే చేర్చబడింది.

కోట్‌గఢ్ పాఠం

పైనుండి వచ్చినవాడు స్థానికుడు కాగలడా? ఈ ప్రశ్నకు హిమాచల్‌లోని కోట్‌గఢ్ ఒక సమాధానం చెబుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నుండి 1904లో భారతదేశానికి వచ్చిన శామ్యూల్ స్టోక్స్, స్థానిక యువతిని వివాహమాడి, బారోబాగ్‌లో భూమి కొని సేద్యం చేపట్టాడు. 1916లో అమెరికా నుండి రెడ్ డెలిషియస్ రకం ఆపిల్ మొక్కలు తెచ్చి నాటాడు. ఆ సేద్యాన్ని ఇరుగుపొరుగు రైతులకు నేర్పాడు. ఆ ప్రాంతపు ఆర్థిక స్థితిని ఆపిల్ తోటలు మార్చివేశాయి. వేసవికి సిమ్లా వెళ్లే దొరల సామానులు మోయడానికి కొండ రైతులచే చేయించే ‘బేగారు’ను, అంటే వెట్టిని, వ్యతిరేకిస్తూ 1920-21లో ఆయన పోరాడాడు. 1921లో చెరసాల పాలయ్యాడు. 1932లో సత్యానందుడనే పేరు స్వీకరించాడు. కొన్న భూమితోపాటు ఆ ఊరి కష్టాలలోను పాలుపంచుకోవడం వల్లనే ఆయన ఆ ఊరివాడయ్యాడు.

అందరు కొనుగోలుదారులనుండి ఇటువంటి నడవడిని ఆశించలేము. హిమాచల్ ప్రదేశ్ 1971 జనవరి 25న పూర్తి రాష్ట్రమైంది. తొలి ముఖ్యమంత్రి డాక్టర్ యశ్వంత్‌సింగ్ పర్మార్ హయాంలో 1972లో కౌలుదారీ, భూసంస్కరణల చట్టం రూపొందింది. అందులోని 118వ సెక్షను వ్యవసాయదారుడు కానివానికి భూమి బదిలీని నిషేధిస్తుంది. ఇల్లు కట్టుకోవడం వంటి కొన్ని అవసరాలకు ప్రభుత్వ అనుమతితో మినహాయింపులున్నాయి. ఇది పరరాష్ట్రాలవారిని మాత్రమే ఉద్దేశించిన నియమమని అనేకులు పొరబడుతుంటారు. హిమాచల్‌లోనే పుట్టి పెరిగినా, అక్కడ సాగుభూమి లేని పట్టణ వర్తకునికి కూడా ఇది వర్తిస్తుంది. ఈ విషయమై వారిలో అసంతృప్తి ఉన్నది.

పొరుగున ఉన్న ఉత్తరాఖండ్ ఈ సమస్యను ఆలస్యంగా ఎదుర్కొన్నది. 2000లో ఏర్పడిన ఆ రాష్ట్రం బయటివారు కొనగల స్థలాన్ని 2003లో 500 చదరపు మీటర్లకు, 2007లో 250 చదరపు మీటర్లకు పరిమితం చేసింది. 2018లో నియమాలు సడలించబడగా ప్రజలలో నిరసన రేగింది. 2025లో హరిద్వార్, ఉధంసింగ్ నగర్ మినహా తక్కిన 11 జిల్లాలలో వ్యవసాయ, ఉద్యాన భూములను బయటివారు కొనడం నిషేధించబడింది.

మన్యంలో 1917 నుండి

ఈ ప్రశ్న తెలుగువారికి దూరమైనది కాదు. అరకు లోయ చలిని, కాఫీ తోటలను చూసి అక్కడ ఒక ఇల్లు కట్టుకోవాలని తలచేవారు నేడు ఎందరో. వారికి అడ్డుగా నిలిచే ‘1/70 చట్టం’ మూలాలు 1917 నాటి మద్రాసు ఏజెన్సీ చట్టంలో ఉన్నాయి. మైదానాలనుండి వచ్చిన షావుకారుల అప్పులలో చిక్కి మన్యంవాసులు భూములు పోగొట్టుకొంటున్న స్థితిలో, ఏజెంటు అనుమతి లేనిదే ఆ భూములు ఇతరులకు చెందరాదని ఆ చట్టం నిర్దేశించింది. యాదృచ్ఛికంగా అదే 1917లో సిక్కింలోనూ భూటియా, లెప్చాల భూములు ఇతరులకు బదిలీ కాకుండా రెవెన్యూ ఉత్తర్వు వెలువడింది.

1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1970 సవరణ వాటిని మరింత కఠినం చేసింది. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి సైతం భూమి అమ్మరాదు. గిరిజనేతరుని చేతిలోని భూమి మొదట గిరిజనునిదేనని, రుజువు బాధ్యత అతనిదేనని చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. 1997లో బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లకు సంబంధించిన ‘సమత’ కేసులో, ప్రభుత్వం కూడా తన భూములను గిరిజనేతరులకు కౌలుకివ్వరాదని తీర్పు చెప్పింది.

చట్టం ఉన్నంత మాత్రాన ఆచరణ సాఫీగా సాగలేదు. గిరిజనుని పేరు పత్రాలలో ఉంచి ఆస్తిని మరొకరు అనుభవించే బినామీ పద్ధతి ఈ నిబంధనలకు పాతశత్రువు. అటువంటి లావాదేవీలో పెట్టుబడి పెట్టినవానికి న్యాయస్థానంలో నిలిచే హక్కు దక్కదు, పేరిచ్చిన గిరిజనునికి నేల దక్కదు.

స్వేచ్ఛ, రక్షణ

రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛను పౌరులందరికీ ప్రసాదించింది. ప్రజాహితం కోసం, షెడ్యూల్డు తెగల రక్షణ కోసం ఆ స్వేచ్ఛపై సముచితమైన పరిమితులు విధించవచ్చునని కూడా అదే అధికరణం చెబుతున్నది. ఆస్తి సంపాదించే హక్కు మాత్రం 44వ సవరణ అనంతరం ప్రాథమిక హక్కుల జాబితాలో లేదు. కనుక ఈ కట్టుబాట్లు రాజ్యాంగం చూపిన మార్గంలోనే ఉన్నాయి.

అపరిచిత ప్రాంతంలో ఇల్లు కోరేవారు సాధారణంగా ధర, దారి, నీరు విచారిస్తారు. ఆ నేల ఇంతకుముందు ఎవరిది, అమ్మినవాడు ఆపై దేనిమీద బతుకుతాడు అన్న ప్రశ్నలు విచారణలో చేరవు. పైన చెప్పిన చట్టాలు ఆ ప్రశ్నలనే అడుగుతున్నాయి. నీలగిరులలో అవి తగిన సమయానికి అడగబడలేదు. మన్యంలో, సిక్కింలో అడగబడినందున నేటికీ ఆ కొండలలో గిరిజనుని పేరిట పట్టా నిలిచి ఉన్నది. విడిదికి వచ్చినవారు అతని ఇంట అతిథులుగా ఉండి, అద్దె చెల్లించి, వేసవి గడిచాక తమ ఊళ్లకు తరలిపోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.