ఆంగ్ల పదాల్లో పలకని అక్షరాలు: చారిత్రక నేపథ్యం

పరిచయం

తెలుగులో సాధారణంగా రాసినదాన్ని రాసినట్లే చదువుతాం. పదం కొత్తదైనా పలకడానికి ఇబ్బంది ఉండదు. ఆంగ్లంలో ఆ వీలు లేదు. అప్పు అనే అర్థమున్న 'డెట్' అనే మాటను డి, ఇ, బి, టి అనే నాలుగు అక్షరాలతో రాస్తారు. అందులో 'బి' పలకదు. పుస్తకాల ద్వారానే ఆంగ్లం నేర్చుకున్నవారు దాన్ని 'డెబ్ట్' అని చదివి, నలుగురూ నవ్వితే మళ్ళీ నోరు విప్పడానికి జంకుతారు. నిజానికి ఈ చిక్కు చదివేవారి తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. దాని వెనుక అయిదారు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

ముద్రణ, మారిన ఉచ్చారణ

1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండులోని మొదటి ముద్రణాలయాన్ని నెలకొల్పాడు. అంతకుముందు లేఖకులు చాలావరకు తమ ప్రాంతపు పలుకుబడిని అనుసరించి రాసేవారు. ముద్రణ వచ్చాక స్పెల్లింగు క్రమంగా స్థిరపడసాగింది. అయితే అదే కాలంలో దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారుతూ వచ్చింది. సుమారు 1400 నుంచి 1700 వరకు సాగిన ఈ పరిణామాన్ని 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అంటారు. ఒకప్పుడు ఇంచుమించు 'నామ' అని పలికిన మాట ఈనాటి 'నేమ్' అయింది. అశ్వయోధుణ్ణి సూచించే 'నైట్'లో మొదటి 'కె'ను, మధ్యలోని 'జి-హెచ్'ను కూడా పూర్వం పలికేవారు. వాటిని నాలుక వదిలేసినా కాగితం వదల్లేదు.

పండితులు చేర్చిన అక్షరాలు

కొన్ని అక్షరాలు ఆంగ్లేయుల నోట ఎన్నడూ పలికినవి కావు. 'డెట్' ఫ్రెంచి నుంచి వచ్చింది. దాన్ని మొదట 'బి' లేకుండానే రాసేవారు. లాటిన్ పట్ల గౌరవం పెరిగిన 16వ శతాబ్దంలో, ఈ మాటకు మూలం లాటిన్ 'డెబితుమ్' అని చూపడానికి 'బి'ని చేర్చారు. సందేహం అనే అర్థమున్న 'డౌట్'లోని 'బి' కూడా అలాంటిదే. దీవి అనే అర్థమున్న 'ఐలండ్'లో 'ఎస్' మాత్రం పొరపాటున చేరింది. అది ప్రాచీన ఆంగ్లపు సొంత మాట. లాటిన్ మూలమున్న 'ఐల్'ను చూసి దీనికీ 'ఎస్' తగిలించారు.

1598లో ముద్రితమైన షేక్‌స్పియర్ నాటకం 'లవ్స్ లేబర్స్ లాస్ట్'లో హోలోఫెర్నీస్ అనే పంతులు, 'డెట్'లో 'బి' పలకనివారిని తప్పుపడతాడు. అయితే నాటకకర్త పరిహాసం ఆ పంతులు మీదే. అంటే ఇదే ఉచ్చారణ గురించి నాలుగు శతాబ్దాల క్రితం ఇంగ్లండులోనూ వాదం ఉందన్నమాట.

రెండు రూపాల కలయిక

సైనికాధికారిని సూచించే 'కర్నల్' కథ వేరు. ఇటాలియన్ రూపంలో 'ల' ఉంది, ఫ్రెంచి రూపంలో 'ర' ఉంది. రెండూ ఆంగ్లంలో చేరాయి. చివరకు రాతలో 'ఎల్' నిలిచింది, పలుకులో మరొక రూపం నిలిచింది. మన చరిత్ర గ్రంథాల్లో కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పేరుకు ముందు కొందరు 'కల్నల్' అనీ, కొందరు 'కర్నల్' అనీ రాయడం మీరు గమనించి ఉంటారు. మొదటిది రాతను, రెండోది పలుకును అనుసరించింది.

సారాంశం

శామ్యూల్ జాన్సన్ నిఘంటువు (1755) స్పెల్లింగు స్థిరపడడానికి ఎంతో తోడ్పడింది. జాన్ వాకర్ (1791), డేనియల్ జోన్స్ (1917) ఉచ్చారణ కోసమే ప్రత్యేక నిఘంటువులు కూర్చారు. ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారికే ఇవి అవసరమయ్యాయని గుర్తించాలి. కాబట్టి అరుదైన పదం ఎదురైనప్పుడు అర్థంతో ఆగకుండా ఉచ్చారణను కూడా నిఘంటువులో చూడండి. తప్పు పలికితే దిద్దుకోండి. అంతేగాని, మాట్లాడడం మానుకోకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ముద్రణ స్పెల్లింగును స్థిరపరిచినా ఉచ్చారణ ఎందుకు వేరయింది?
2. 'డెట్', 'ఐలండ్' పదాల్లో పలకని అక్షరాలు చేరిన తీరులో భేదమేమిటి?