తపాలా ఉద్యోగిలో దాగిన ఆచార్యుడు

జీవితమంతా పాఠాలు చెప్పి విరమించిన తెలుగు పండితుణ్ణి. నాట్యమన్నది చూసి ఆనందించడమే తప్ప కాలు కదిపి ఎరుగను. అయినా గురువుల కథలంటే చెవి కోసుకుంటాను కనుక, న్యూయార్కులోని నల్లజాతివారి పేట హార్లెంలో పుట్టిన లిండీ హాప్ అనే జంటనృత్యానికి ఆచార్యుడైన ఫ్రాంకీ మ్యానింగ్ గారిని ఇవాళ తలచుకోవాలనిపించింది.

స్వింగ్ అనే జాజ్ సంగీతపు ఊపుకు అమరిన ఆట అది. 1926లో హార్లెంలో తెరుచుకున్న సవాయ్ బాల్‌రూమ్ దానికి నిలయం. నలుపు తెలుపు భేదం లేకుండా ఒకే నేల మీద అందరూ ఆడిన చోటు. ఆనాటి అమెరికాలో అది సామాన్యమైన సంగతి కాదు. 1914లో ఫ్లోరిడాలో పుట్టి, పసితనంలోనే తల్లితో హార్లెం చేరిన మ్యానింగ్ ఆ సవాయ్‌లోనే రాటుదేలాడు.

అక్కడ షార్టీ జార్జ్ స్నోడెన్ అని పొట్టి నర్తకుడొకడు. ఆట ముగింపులో పొడుగరి అయిన తన జోడీ వీపెక్కి నిష్క్రమించేవాడు. జనం నవ్వేవారు. మ్యానింగ్‌కు మాత్రం ఆ హాస్యంలో మరొకటి తోచింది: వీపు మీది మనిషిని అలాగే దొర్లించి ఇవతల నేల మీద దింపితే? కింద పరుపు వేసుకుని ఫ్రీడా వాషింగ్టన్‌తో సాధన చేశాడు. 1935లో స్నోడెన్ జట్టుతో పోటీ. చిక్ వెబ్ బృందం వాయిస్తూండగా ఆమె గాలిలో తిరిగి సరిగ్గా తాళానికి నేల తాకింది. మనిషిని ఎగరేయడం సర్కసువారూ చేస్తారు. దిగడం తాళంలో పడటమే ఇక్కడి విశేషం.

1941 నాటి 'హెల్జాపాపిన్' చిత్రంలో ఆయనా ఆయన బృందమూ పనివాళ్ళ దుస్తుల్లో ఆడిన కొద్ది నిమిషాలు నేటికీ చూడవచ్చు. తరువాత యుద్ధం వచ్చింది, జనాభిరుచి మారింది. 1955లో సొంత బృందం ముగిసిపోగా ఆయన తపాలా ఉద్యోగంలో చేరాడు. సవాయ్ 1958లో మూతబడి, నేలమట్టమయింది.

ఆనాటి మరో నర్తకుడు అల్ మిన్స్ 1985లో కన్నుమూశాడు. మరుసటి ఏడు కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ అనే యువజంట మ్యానింగ్‌ను వెదికి పట్టుకుంది. నర్తకుడు మ్యానింగేనా అని అడిగితే, కాదు, తపాలా ఉద్యోగి మ్యానింగునని జవాబిచ్చాడని చెబుతారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. నేర్పడానికి మొదట వెనుకాడి, చివరకు ఒప్పుకున్నాడు.

చిత్రం ఉండగా గురువెందుకని కొందరికి అనిపించవచ్చు. ఛందోగ్రంథంలో గణాలుంటాయి, పద్యం నడక మాత్రం చదివి వినిపించే గొంతులోనే దొరుకుతుంది. మ్యానింగ్ అడుగులను అంకెలతో సరిపెట్టక, లయను నోటితో పలికి వినిపించేవాడు. ఎదుటి జోడీని మహారాణిగా భావించి ముందు వంగి నమస్కరించమనేవాడు. ఇవి ఏ చిత్రంలో దొరుకుతాయి?

1987 నుంచి స్వీడన్‌లోనూ నేర్పాడు; 1989 నుంచి అక్కడి హెర్రెంగ్ గ్రామంలోని వేసవి శిబిరానికి ఆయనే ప్రాణం. అదే ఏడు 'బ్లాక్ అండ్ బ్లూ' నాటకానికి నృత్యరచన చేసినవారిలో ఒకడిగా టోనీ పురస్కారం అందుకున్నాడు. అయితే వెదుక్కుంటూ వచ్చిన శిష్యులలో అత్యధికులు తెల్లవారు. హార్లెం సొత్తు హార్లెం బిడ్డలకెంత దక్కిందన్న ప్రశ్న ఆ నర్తకుల్లో నేటికీ నలుగుతూనే ఉంది. అది న్యాయమైన ప్రశ్నే. మ్యానింగ్ మాత్రం విద్యను ఎవరి దగ్గరా దాచలేదు. 2007లో వెలువడిన ఆత్మకథలో తోటివారిని పేరుపేరునా స్మరించాడు.

పుట్టినరోజున ఎన్నేళ్ళు నిండితే అంతమంది స్త్రీలతో నర్తించడం ఆయన వేడుక. 2009 మే 26న 95 నిండవలసింది. ఏప్రిల్ 27న వెళ్ళిపోయాడు. ముందే తలపెట్టిన ఉత్సవం న్యూయార్కులో మే నెలలో ఆయన లేకుండానే జరిగింది. దేశదేశాల శిష్యులు వచ్చి ఆడారు.