అలసటకు ఇంగ్లీషు కొలతలు: ఒక సింహావలోకనం

సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో ఉన్న మోతె మండలంలో పదో తరగతి దాటిన వాళ్ళెవరిని అడిగినా ‘రిమూవ్ టూ’ ప్రశ్న గుర్తుంటుంది. ‘హీ ఈజ్ టూ టైర్డ్ టు వాక్’ అని ఇస్తారు. ‘టూ’ తీసేసి ‘హీ ఈజ్ సో టైర్డ్ దట్ హీ కెనాట్ వాక్’ అని రాయాలి. రాసిన వాళ్ళకు మార్కులు పడ్డాయి. అదే పిల్లలను నాట్లు వేసి ఇంటికొచ్చిన తల్లి గురించి నాలుగు వాక్యాలు రాయమంటే ‘మై మదర్ ఈజ్ టూ టైర్డ్’ అని రాసి ఊరుకుంటారు. ‘టూ’ అంటే హద్దు మించడం. మించి, ఇంకేదో చేయలేకపోవడం. ఆ చేయలేని పనేమిటో చెప్పకపోతే వాక్యం సగంలోనే ఆగినట్టు వినిపిస్తుంది. తెలుగులో ‘చాలా’ అనే ఒక్క మాట వెరీ, సో, టూ మూడింటి పనీ చేస్తుంది కాబట్టి పిల్లలకు ఆ తేడా కనిపించదు. తప్పు వాళ్ళది కాదు. ఆ తేడా వెనక వెయ్యేళ్ళ చరిత్ర ఉంది, దాన్ని మన బడులు ఎన్నడూ చెప్పలేదు.

ఇంగ్లీషువాళ్ళకు కూడా ‘వెరీ’ మొదటి నుంచీ లేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ పని చేసింది ‘స్విథె’ అనే మాట. దానికి అసలు అర్థం బలంగా, గట్టిగా. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ నాటికి ‘ఫుల్’ రాజ్యమేలింది. ‘వెరీ’ ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ‘నిజమైన’. పదిహేను, పదహారో శతాబ్దాల్లో అది ‘ఫుల్’ను పక్కకు నెట్టింది. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’లో కుక్కలా అలసిపోవడం అనే అర్థంలో ‘డాగ్-వియరీ’ కనిపిస్తుంది. నేటి ‘డాగ్-టైర్డ్’ దాని వంశమే. 1754లో లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ ‘ద వరల్డ్’ పత్రికలో ‘వాస్ట్‌లీ’ అనే మాట మీద విరుచుకుపడ్డాడు. ‘విశాలంగా’ అనే అర్థమున్న మాటను చిటికెడంత వస్తువుకు కూడా తగిలిస్తున్నారని ఆయన బాధ. ఆ బాధ ఎవరూ పట్టించుకోలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ‘ఆఫుల్లీ’, ‘టెరిబ్లీ’ తమలోని భయాన్ని పోగొట్టుకుని ఉత్త ‘చాలా’గా మిగిలాయి. ‘టెరిబ్లీ టైర్డ్’ అనే వాడికి ఇవాళ భయమేమీ లేదు, నిద్ర తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

1901లో డచ్చి పండితుడు స్టాఫెల్ ఈ మాటల మీద ఒక పుస్తకమే రాశాడు. 1972లో అమెరికాలో డ్వైట్ బోలింజర్ ‘డిగ్రీ వర్డ్స్’ రాశాడు. 2003లో ఇటో, టాగ్లియామాంటె అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులోని యార్క్ నగర ప్రజల మాటలు రికార్డు చేసి చూస్తే పెద్దవాళ్ళ నోట ‘వెరీ’, కుర్రవాళ్ళ నోట ‘రియల్లీ’ ఎక్కువగా వినిపించాయి. 2005లో ‘ఫ్రెండ్స్’ టీవీ ధారావాహిక సంభాషణలను పరిశీలించినప్పుడు ‘సో’ వాటిని మించిపోయింది. వాడి వాడి పదును పోయిన మాటను పక్కన పెట్టి కొత్తదాన్ని వెతుక్కోవడం ప్రతి తరం చేసే పనే. అలసట విషయంలో ఈ వెతుకులాట ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది ఎదుటివాడికి కనిపించదు. చెప్పే మాట బలాన్ని బట్టే వాడు నమ్ముతాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇంగ్లీషులో అలసట మాటలు రెండు జాతులు. ‘టైర్డ్’, ‘స్లీపీ’, ‘వీక్’ లాంటివి కొలతకు లొంగుతాయి: కొంచెం, బాగా, మరీ. వీటికి ‘వెరీ’, ‘రియల్లీ’, ‘సో’, ‘ఎక్స్‌ట్రీమ్లీ’ చక్కగా నప్పుతాయి. ‘ఎగ్జాస్టెడ్’ ఆ జాతి కాదు. దాని లాటిన్ మూలానికి అర్థం నీళ్ళన్నీ తోడేయడం. అడుగంటిన బావిని ఎవరూ ‘కొంచెం ఖాళీ’ అనరు. అందుకే దాని పక్కన ‘కంప్లీట్లీ’, ‘అట్టర్లీ’, ‘అబ్సల్యూట్లీ’, ‘టోటల్లీ’ నిలబడతాయి, ‘వెరీ ఎగ్జాస్టెడ్’ అంటే చెవికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. 1985లో క్వర్క్ బృందం రాసిన మహా వ్యాకరణం ఈ రెండు రకాల తోడు మాటలను వేరువేరు పేర్లతో పిలిచింది: అంచుదాకా తీసుకుపోయేవి మాక్సిమైజర్లు, పైకి లేపేవి బూస్టర్లు. ‘క్వైట్’ రెండు పడవల మీదా కాలు పెడుతుంది. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ టైర్డ్’ అంటే ఓ మోస్తరు అలసట, ‘క్వైట్ ఎగ్జాస్టెడ్’ అంటే పూర్తిగా అయిపోవడం. ‘డెడ్’ మాత్రం ‘టైర్డ్’తోనే కాపురం చేస్తుంది, ‘డెడ్ ఎగ్జాస్టెడ్’ అని వినపడదు. ఇక ‘సిక్ అండ్ టైర్డ్’ అంటే ఒళ్ళు అలిసిందని కాదు, మన దగ్గర ‘యాష్టకొచ్చింది’ అనే విసుగు. బ్రిటన్‌లో ఇంట్లోవాళ్ళు, స్నేహితులు బాగా అలిసిపోతే ‘నాకర్డ్’ అంటారు. ముసలి గుర్రాలను కోసేవాణ్ణి ‘నాకర్’ అనేవాళ్ళు, ఆ వృత్తికి సంబంధించిన మాట అది. ఇంటర్వ్యూలో అనకూడదు. ఇవన్నీ వ్యాకరణ సూత్రాలకు పూర్తిగా లొంగవు, చదివీ వినీ అలవాటు చేసుకోవలసినవే.

తెలుగు దారి వేరు. చాసర్ తర్వాతి శతాబ్దంలో బమ్మెర పోతన గజేంద్ర మోక్షం రాశాడు. మొసలితో పోరాడి అలిసిన ఏనుగు చేత ఆయన ‘చాలా’ అనిపించలేదు. బలం లేదని, ధైర్యం సడలిందని, ప్రాణాలు నిలకడ తప్పాయని, శరీరం సోలిపోయిందని ఒక్కొక్కటిగా చెప్పించాడు. ఆ పద్ధతి నేటికీ మోతె పొలాల్లో బతికే ఉంది. కలుపు తీసొచ్చిన అమ్మ ‘రెక్కలు పడిపోయినయి’ అంటుంది, పత్తి ఏరిన అక్క ‘నడుం విరిగిపోయింది’ అంటుంది, ఎండలో ఉపాధి హామీ పని చేసినాయన ‘పెయ్యంత హూనమైంది, కాళ్ళు గుంజుతున్నయ్’ అంటాడు. అవసరమైతే ‘మస్తు అలిసిన’ అనే మాటా ఉంది. ఆ ‘మస్తు’ పారసీలో మత్తెక్కినవాడు. నిజం అనే మాట ‘వెరీ’ అయినట్టే, మత్తు మనకు ‘చాలా’ అయింది. ‘తెగ అలిసిపోయా’ అనే ‘తెగ’ కూడా కోత నుంచి పుట్టిందే. మాటలు అరిగే తీరు లండన్లోనూ నల్లగొండలోనూ ఒకటే.

ఇంత సంపద ఉన్న పిల్లలకు ఇంగ్లీషు ఎలా అందింది? కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండి ఇంగ్లీషును ముందే తాకాయి. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం, 1852లో బ్రౌన్ నిఘంటువు మద్రాసులో వెలువడ్డాయి. ‘బడలిక’, ‘అలసట’ వంటి మాటలకు ఇంగ్లీషు జోడీలు అప్పుడే కుదిరాయి. అవి దొరలు తెలుగు నేర్చుకోవడానికి చేసుకున్న పుస్తకాలు, మనం ఇంగ్లీషు నేర్చుకోవడానికి కాదు. మోతె ప్రాంతం నిజాం రాజ్యంలోది. పై చదువులు ఉర్దూలో సాగాయి, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే నడిచింది. పల్లె పిల్లవాడికి ఇంగ్లీషు మూడో నాలుగో భాష. 1948లో నిజాం పాలన పోయాక, ముఖ్యంగా 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు బడులు పెరిగాయి. 1930ల నాటి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం పట్టణాల నుంచి పల్లెలకు చేరింది, ‘రిమూవ్ టూ’ దానితోనే వచ్చి పరీక్ష కాగితంలో స్థిరపడింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. వాక్య నిర్మాణాల డ్రిల్లు నేర్చిన ఉపాధ్యాయులు వచ్చారు. డ్రిల్లు వాక్యాన్ని నిలబెట్టింది, ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో మాత్రం చెప్పలేదు.

తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఈ మండలాల పిల్లలు హైదరాబాదుకు, అక్కడి నుంచి టెక్సాస్‌కు, న్యూజెర్సీకి వెళ్ళారు. రాత్రి కాల్‌లో ‘ఐయామ్ ఫుల్ టైర్డ్’ అంటే అవతలివాడికి అర్థమవుతుంది కానీ వింతగా వినిపిస్తుంది. చాసర్ కాలంలో అయితే ఆ ‘ఫుల్’కు ఎవరూ కనుబొమ్మలు ఎగరేసేవాళ్ళు కాదు. అయితే మన ‘ఫుల్’ అక్కణ్ణుంచి దిగిరాలేదు, మన వీధి వాడుకలోది. నా దృష్టిలో అది స్నేహితుల మధ్య మంచి మాటే. ఉద్యోగం కోసం రాసే మెయిల్‌లో, డాక్టరు ముందు మాత్రం సరిపోదు. డాక్టరుకు అలసట తీవ్రత సరిగ్గా తెలియాలి. కొంచెమా, రోజంతానా, మంచం దిగలేనంతనా అన్నది వైద్యం చేసే తీరునే మార్చవచ్చు.

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. కాబట్టి మోతె, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ‘రిమూవ్ టూ’తో మొదలుపెట్టకండి. ఇంట్లో ఎవరు, ఏ పని చేసి, ఎట్లా అలిశారో పిల్లల చేత ముందు తెలుగులోనే చెప్పించండి. ‘రెక్కలు పడిపోయినయి’ అన్నప్పుడు దాన్ని ‘వెరీ టైర్డ్’తో సరిపెట్టకుండా ‘కంప్లీట్లీ ఎగ్జాస్టెడ్’ను పక్కన పెట్టి చూపండి. ‘జెర అలిసిన’ అన్నదానికి ‘ఎ బిట్ టైర్డ్’ ఇవ్వండి. అలసటను కొలవడం ఆ పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంగ్లీషు పాఠం అక్కడ మొదలు కావాలి.