పుట్టి వడ్లు మోసే బండి: బుచ్చిరెడ్డిపాలెంలో బాడుగ చరిత్ర

నెల్లూరు జిల్లాలో ధాన్యం లెక్క పుట్టితో నడుస్తుంది. ఒక పుట్టి అంటే 850 కిలోలు. దిగుబడి చెప్పినా, ధర మాట్లాడినా, బాడుగ కుదుర్చుకున్నా ఆ కొలతే ముందుకొస్తుంది. సంగం ఆనకట్ట నుంచి వచ్చిన పెన్నా నీళ్లు కనిగిరి రిజర్వాయరులో నిలిచి పొలాలను తడిపే బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతంలో సరుకు మోయడానికి వచ్చిన ప్రతి బండికీ మూడు ప్రశ్నలు ఎదురయ్యాయి. పుట్టి బరువు ఎత్తుతుందా? నెల్లూరు దాకా పోయి పొద్దుగూకేలోపు తిరిగి వస్తుందా? రాత్రికి దాని మేత ఎక్కడ? విద్యుత్ పికప్పులు, రెండు ఇంధనాల బళ్లు సంతలోకి వచ్చిన ఈ రోజుల్లో అవి మామూలు డ్రైవరుకు సరిపోతాయా అని అడిగితే, కంపెనీల ప్రకటనల కంటే బుచ్చి బాడుగ చరిత్ర దగ్గర మంచి జవాబు దొరుకుతుంది. ఆ చరిత్ర చూశాక నాకు తేలిందిది: రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి ఒకేచోట ఆగే బండికి కరెంటు ఇప్పుడే సరిపోతుంది, బాడుగ ఎటు పిలిస్తే అటు పోవాల్సిన ఒంటి బండి యజమానికి ఇంకా సరిపోదు.

మొదటి బండి ఎడ్లబండి. ఇప్పుడు ఒంగోలు జాతిగా పేరుపడిన పశువులను ఒకప్పుడు నెల్లూరు జాతి అనేవారు. బ్రెజిల్‌లో ఆ సంతతిని నేటికీ నెలోరె అనే పిలుస్తున్నారు. అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతారు గానీ, మన రైతు వాటిని మెచ్చుకున్నది కాడి కింద చూపే సత్తువకు. బుచ్చి నుంచి నెల్లూరు సుమారు 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున బండి కడితే ఎండ ముదిరేలోపు చేరి, సరుకు దించి, ఎడ్లకు మేతా నీళ్లూ చూపించి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరవచ్చు. మేత కొనే పని లేదు, పొలంలో మిగిలిన వరిగడ్డే ఇంధనం. ఎడ్లబండి అంతకాలం నిలబడింది అలవాటు వల్ల మాత్రమే కాదు, మూడు ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పింది కాబట్టి. ఇనుప పట్టీ చక్రాలు పోయి రబ్బరు టైర్లు వచ్చాక అదే జత ఎడ్లు అదే దారిలో అంతకుముందు కంటే ఎక్కువ బరువు లాగాయి. రైతు ఎడ్లను మార్చలేదు, మేత మార్చలేదు. చక్రం మాత్రం మార్చుకున్నాడు. పాత శక్తిని ఉంచుకుని కొత్త సాధనాన్ని జోడించే పద్ధతి పల్లెల్లో ఎంత సులువుగా ఇమిడిపోతుందో టైరు బండి చూపించింది.

ఎడ్లబండి కంటే చవకైన దారి లేకపోలేదు. 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య కాక్రేన్ కాలువగా మొదలై క్రమంగా ఉత్తరానికి పాకిన జలమార్గానికి, 1877-78 కరువు పనుల కాలంలో గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. నెల్లూరు తీరం వెంట సాగి పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసిన ఆ దారిలో ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల మీద మద్రాసుకు చేరేవి. నీటి మీద లాగే బరువుకు అయ్యే ఖర్చు నేల మీద కంటే చాలా తక్కువ. అయినా కాలువ ఓడిపోయింది. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య బ్రాడ్‌గేజ్ రైలు మార్గం పూర్తయ్యాక ధాన్యం నెమ్మదిగా రైలెక్కింది. తుపాన్లు గట్లను తెగ్గొట్టి, పూడిక పేరుకుపోతుంటే కాలువకు కట్టెల పడవలే చివరిదాకా మిగిలాయి. కాలువకూ రైలుకూ ఒకే లోపం ఉంది. రెండూ పొలం దాకా రావు. బుచ్చి వడ్లు బండి మీద నెల్లూరు చేరాలి, అక్కడ దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఎత్తిన ప్రతిసారీ హమాలీ కూలి, జారిపోయే గింజ, పోయే పూట. ఇంధనం చవకైతే చాలదని, ఇంటి గడప నుంచి కాటా దాకా మధ్యలో దించకుండా పోగలిగిన బండే నిలుస్తుందని కాలువ చరిత్ర చెబుతోంది.

ఇంధనం మార్పు మనకు కొత్త కాదనడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలమే సాక్ష్యం. 1940లలో పెట్రోలుకు రేషన్ పెట్టాక మద్రాసు రాష్ట్రంలో బస్సులకు, లారీలకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించారు. బొగ్గు దొరికేది, బండి కదిలేది. కానీ పొయ్యి చోటు ఆక్రమించేది, మిట్ట వస్తే ఇంజను నీరసించేది, పొద్దున్నే రాజేసి, మసి దులిపి, గ్యాసు పుట్టేదాకా కాచుకోవాల్సి వచ్చేది. పెట్రోలు మళ్లీ దొరకగానే ఆ పొయ్యిలు మూలపడ్డాయి. కొరత వచ్చినప్పుడు డ్రైవరు ఎంత కష్టమైనా భరిస్తాడు గానీ, కొరత తీరాక తన రోజును తేలిక చేసేదాన్నే ఎంచుకుంటాడు. టాటాలు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి 1954లో లారీల తయారీ మొదలుపెట్టాక డీజిల్ లారీ తిరుగులేని రాజైంది అందుకే. బంకులో కొన్ని నిమిషాలు ఆగితే రాత్రంతా నడుస్తుంది, చెడితే ఏ ఊళ్లోనైనా బాగుచేసే మేస్త్రీ ఉంటాడు. విద్యుత్ బండి గెలవాల్సింది ఈ రెండు సుఖాల మీద.

లారీ గెలిచినా పుట్టి సమస్య తీరలేదు. ఒక పుట్టి, రెండు పుట్ల సరుకుకు లారీ మాట్లాడితే బాడుగ గిట్టదు. ట్రాక్టరు ట్రక్కు పొలానికి బాగుంటుంది గానీ హైవే మీద నిదానం. ఈ ఖాళీలోకి 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, 750 కిలోల మోత, ఆటోకు అటూ లారీకి ఇటూ కాని ధర. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదన్న 1988 మోటారు వాహనాల చట్టం కూడా దానికి కలిసొచ్చింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంపావు మోతతో వచ్చింది, మహీంద్రా బొలెరో పికప్పులు అంతకంటే బరువైన పనులు అందుకున్నాయి. కంతుల మీద బండి తీసుకుని, తానే తోలుకుంటూ, తానే బాడుగలు మాట్లాడుకునే ఒంటి బండి యజమాని ఇలా పుట్టుకొచ్చాడు. కాగితం మీద ముప్పావు టన్నే అయినా పుట్టి ఎక్కించడం మామూలైపోయింది. విద్యుత్ బండి గురించి మాట్లాడేవారు ఈ అలవాటును మరిచిపోతారు. డీజిల్ బండికి ఎక్కుడు వేస్తే కొంచెం ఎక్కువ తాగి, అరిగి, ఎలాగో గమ్యం చేరుతుంది. కరెంటు బండికి ఎక్కుడు వేస్తే చేరాల్సిన దూరమే కుదించుకుపోతుంది.

ఇప్పుడు కొత్త బండిని పాత మూడు ప్రశ్నల ముందు నిలబెడదాం. 2022లో టాటా ఏస్ విద్యుత్ రూపాన్ని ప్రకటించినప్పుడు దాని బ్యాటరీ 21.3 యూనిట్లు, మోత 600 కిలోలు, పరీక్షలో తేలిన దూరం 154 కిలోమీటర్లు. పుట్టి పరీక్షలో అది తప్పింది. 2024లో టన్ను మోసే రూపం వచ్చాక మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. రెండో ప్రశ్న దూరానిది. పరీక్షలో చెప్పిన దూరం నెల్లూరు ఎండలో, నిండు బరువుతో రాదు. వంద కిలోమీటర్లు వస్తుందనుకుందాం. బుచ్చి నుంచి నెల్లూరుకు రానుపోను 30 కిలోమీటర్లు కాబట్టి మూడుసార్లు తిరిగినా ఇంకా మిగులుతుంది. మూడోది మేత. పాల సేకరణ కేంద్రం, గ్యాసు ఏజెన్సీ, కిరాణా టోకు దుకాణం, నగర పంచాయతీ చెత్త బండి రాత్రంతా సొంత ఆవరణలోనే ఆగుతాయి. ఎడ్ల కొట్టం ఉన్నచోటే గడ్డివామి ఉన్నట్టు, బండి ఆగేచోటే ప్లగ్ ఉంటుంది. బ్రిటన్‌లో దశాబ్దాల పాటు తెల్లవారుజామున ఇంటింటికీ పాలసీసాలు వేసింది కరెంటు బళ్లే. సీసపు బ్యాటరీల కాలంలోనే అవి నడిచాయంటే వేగం వల్ల కాదు; దారి పొట్టిది, ప్రతి గడప దగ్గరా ఆగాల్సిందే, రాత్రికి డిపోకే చేరాలి. మన రాష్ట్రంలోనూ 2023లో చిన్న మున్సిపాలిటీలకు చెత్త సేకరణ కోసం 516 విద్యుత్ ఆటోలు ఇచ్చారు. పని తీరును చూస్తే అది సరైన ఎంపికే.

చేజారిన అవకాశమూ ఒకటి ఉంది. ఇంటింటికీ రేషన్ బియ్యం ఇవ్వడానికి 2021 జనవరిలో రాష్ట్రంలో 9,260 చిన్న బళ్లను మొదలుపెట్టారు. రోజుకు కొన్ని వీధులు, తెలిసిన బరువు, సాయంత్రానికి సొంత ఊరు: కరెంటు బండికి ఇంతకంటే అచ్చొచ్చిన పని ఉండదు. అయినా ఆ పనిని ఇంజను బళ్లకే అప్పగించారు. 2025 జూన్ నుంచి ఆ పద్ధతినే ఆపి, సరుకులను మళ్లీ చౌకధరల దుకాణాలకు మార్చారు. పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. ఒకేసారి వేల బళ్లు కొనగలిగిన ప్రభుత్వమే చార్జింగు చోట్లకు, బ్యాటరీ తెలిసిన మేస్త్రీలకు పునాది వేయగలదు. ఆ పునాది పడి ఉంటే పథకం పోయినా పనితనం పల్లెల్లో మిగిలేది.

ధర సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2025లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోలు రూపం 3.99 లక్షలకు మొదలైతే విద్యుత్ రూపం 6.50 లక్షలకు మొదలైంది. తేడా రెండున్నర లక్షలు. లెక్క కోసం పెట్రోలు బండి కిలోమీటరుకు ఏడు రూపాయలు తింటుందని, కరెంటు బండికి రూపాయిన్నర చాలునని అనుకుందాం. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 11 వేలు మిగులుతాయి. రెండేళ్లలోపే తేడా తీరిపోతుంది. రోజుకు 30 కిలోమీటర్లే తిరిగితే అయిదేళ్లు పడుతుంది, అప్పుపై వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. అంటే కరెంటు బండి తక్కువ తిరిగేవాడికి దండగ, మరీ దూరం పోయేవాడికి ఇబ్బంది, రోజూ ఒకే మోస్తరుగా తిరిగేవాడికి లాభం. కరెంటు కూడా బొగ్గు నుంచే కదా అనేది రెండో అభ్యంతరం. నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాలేది బొగ్గే, కాదనలేం. అయితే డీజిల్ ఇంజను తాగిన ఇంధనంలో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. మోటారు తనకు అందిన కరెంటులో అత్యధిక భాగాన్ని చక్రానికి చేరుస్తుంది. పైగా గ్రిడ్డులోకి సౌర విద్యుత్తు చేరేకొద్దీ అదే బండి శుభ్రపడుతుంది, డీజిల్ బండికి ఆ అవకాశం లేదు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. స్టాండులో బండి పెట్టుకున్నవాడు ఫోను మోగితే రేపు చెన్నైకి పోవాలి, ఎల్లుండి విడవలూరు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో రొయ్యలు ఎత్తాలి, ఎడగారు పంట కోతలప్పుడు పదిరోజులు రాత్రింబవళ్లు వడ్లు తోలాలి. చెన్నైకి రానుపోను 380 కిలోమీటర్ల పైమాట. ఐసు కరిగిపోతుంటే చార్జింగు కోసం రెండు గంటలు ఆగడం కుదరదు. ఏడాదిలో ఎక్కువ రోజులు చిన్న బాడుగలే కదా అనవచ్చు. కానీ కంతు కట్టించేది ఆ కొద్ది పెద్ద బాడుగలే. రెండు బళ్లు పెట్టుకునే స్థోమత అతనికి లేదు. బ్యాటరీ, ఇంజను రెండూ ఉన్న హైబ్రిడ్ ఇలాంటివాడికే సరిపోవాలి. మన చిన్న సరుకు బళ్లలో అది లేదు. ఆ స్థానాన్ని సీఎన్‌జీతో పాటు పెట్రోలు ట్యాంకు కూడా పెట్టుకున్న 2022 నాటి టాటా ఇంట్రా వంటి బళ్లు కొంతవరకు నింపుతున్నాయి. టైరు బండిలాగే అది మధ్యేమార్గం. మనకు దగ్గర్లోని శ్రీసిటీలో 2016 నుంచి పికప్పులు చేస్తున్న ఇసుజు తన విద్యుత్ డి-మాక్స్‌ను 2025లో ఢిల్లీ ప్రదర్శనలో చూపించింది గానీ, అది బుచ్చి బాడుగ తోలే బండి కాదు. అమెరికాలోనూ ఫోర్డు తన విద్యుత్ ఎఫ్-150 లైట్నింగ్ తయారీని ఆపుతున్నామని, బ్యాటరీని నింపే ఇంజను కలిపిన రూపం వైపు పోతున్నామని 2025 చివర్లో చెప్పింది. బరువు, దూరం కలిసి వచ్చినచోట అక్కడి డ్రైవరు అడిగిందీ ఇక్కడి డ్రైవరు అడిగేదీ ఒకటే.

కాబట్టి కరెంటు బండిని అందరికీ అంటగట్టడం, ఎవరికీ పనికిరాదని తోసిపుచ్చడం, రెండూ పొరపాట్లే. పెద్ద సరుకు ట్రక్కులకు కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద రాయితీ ఇస్తోంది, మూడున్నర టన్నుల లోపు నాలుగు చక్రాల చిన్న బండి మాత్రం ఆ పట్టీలో లేదు. పల్లె బాడుగ నడిచేది ఆ చిన్న బండి మీదే కనుక ముందు ఆ లోపం సరిదిద్దాలి. నగర పంచాయతీలు, డెయిరీలు, గ్యాసు ఏజెన్సీలు తమ రోజువారీ చుట్లకు కరెంటు బళ్లను ముందుగా తీసుకోవాలి. మార్కెట్ యార్డుల్లో, బళ్ల స్టాండుల్లో, రైస్ మిల్లుల కాటాల దగ్గర సరుకు ఎక్కేలోపు బండి మేత మేసే ఏర్పాటు ఉండాలి. అంతవరకు ఒంటి బండి డ్రైవరుకు ఒక్క మాట: ప్రకటనలో దూరాన్ని పక్కనపెట్టి, పోయిన ఏడాది మీ బాడుగల చిట్టా తీయండి. వంద కిలోమీటర్లు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండి, ఆ బాడుగలు వదులుకున్నా కంతుకు లోటు రాదనుకుంటేనే కరెంటు బండి తీసుకోండి. లేదంటే ఇంకొన్నాళ్లు ఆగడమే తెలివి.