మూడో పెడలు

రహమత్ నగర్‌లో మా ఇంటి ముందు ఎత్తు. ఆ ఎత్తు మీద అంబాసిడర్‌ని ఆపి మళ్లీ కదిలించాలంటే ఎడమ కాలికి పరీక్షే. నాన్నకి మోకాలు అరిగింది, క్లచ్ తొక్కొద్దన్నాడు డాక్టర్. 1972 నాటి మార్క్ టూ బండి రెండేళ్లుగా టార్పాలిన్ కిందే ఉంది. షూటింగులకి పాత కార్లు సిద్ధం చేసే మెకానిక్ భాయ్ చూసి, "జపాన్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఏసేద్దాం అన్నా, పెద్దాయన మళ్లీ నడుపుతడు" అన్నాడు. అమెరికా వాళ్లు హాట్ రాడ్ అనేది దీన్నే: పాత ఒంట్లో కొత్త గుండె.

నాలోని ఛాందసుడు వెంటనే వద్దన్నాడు. గేరు మార్చడమే డ్రైవింగ్, ఆటోమేటిక్ అంటే బద్ధకం అని కదా మన నమ్మకం. చరిత్ర అలా చెప్పదు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో పెట్టిన హైడ్రామాటిక్, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ ట్యాంకుల్లోకి వెళ్లింది. 1950ల్లో దాన్నే గట్టిపరచి డ్రాగ్ రేసుల్లో వాడారు. గేరు మారేటప్పుడు చక్రాలకి వెళ్లే శక్తి తెగకపోవడమే వాళ్లకి కావలసింది. బద్ధకస్తుల పెట్టె అనుకున్నది రేసర్ల చేతికొచ్చింది.

మన అంబాసిడర్ కథ వేరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి. 1489 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, లివర్ స్టీరింగ్ పక్కన. నేల మీద గేరు కర్ర లేదు కాబట్టే ముందు సీటు బెంచీలా ఉండి ముగ్గురు పట్టేవాళ్లు. ఒకటో గేరుకి సింక్రోమెష్ లేదు, బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి. లింకేజీ ఇరుక్కుంటే బానెట్ ఎత్తి రాడ్లు కదిలించాలి. 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ ఇదే బండిలో ఇసుజు ఇంజన్, ఐదు గేర్లు పెట్టింది. అంటే కంపెనీయే హాట్ రాడింగ్ చేసిందన్నమాట!

మరి నాకేం అడ్డం? 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా ఉంటేనే వింటేజ్. గేర్‌బాక్స్ మాట అందులో లేదు. కానీ ఆటోమేటిక్ పట్టాలంటే ఫ్లోర్ కొయ్యాలి, ఇంజనూ మారాలి. పైగా వింటేజ్ ముద్ర పడితే బండిని రోజూ తిప్పకూడదు. కాపాడుకుంటే తిప్పలేం, తిప్పుకుంటే మిగలదు. చౌమహల్లాలో ఆరో నిజాం చేయించుకున్న 1912 రోల్స్‌రాయిస్ మెరుస్తూ ఉంటుంది. చూసిన ప్రతిసారీ అది కారా, సింహాసనమా అనిపిస్తుంది.

ఇదంతా నాన్నకి చెప్పాను. మోకాలు రుద్దుకుంటూ విన్నాడు. "ఫ్లోర్ కోస్తే అది నా బండెట్లయితదిరా? క్లచ్ నువ్వు తొక్కు. గేరు నేనేస్త" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే కుదిరే మాటే. లివర్ స్టీరింగ్‌కి ఎడమవైపు ఉంటుంది. బెంచీ సీటు కాబట్టి నా పక్కనే కూర్చుంటే కుడిచెయ్యి దాని మీదకి సరిగ్గా వస్తుంది. భాయ్ లింకేజీ బుష్‌లు మార్చి ఇచ్చాడు. ఆదివారం తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టాం. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు క్లచ్ ఆలస్యంగా తొక్కాను. గర్రుమంది.

నాన్న నావైపు చూడలేదు. చెయ్యి లివర్ మీదే ఉంచి, "మళ్లీ" అన్నాడు.